ఒకే ట్యాంకు, ఏడు ఊళ్ళు

ఈ ఏడాది జూన్‌లో విశాఖపట్నంలో కొత్త బడిలో చేరాను. మొదటి రోజే మా క్లాస్ టీచర్ నన్ను లేపి "మీది ఏ ఊరమ్మా?" అని అడిగారు. నేను వెంటనే చెప్పలేకపోయాను. క్లాసులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. మిగతావాళ్ళు నవ్వలేదు. వాళ్ళ నాన్నలకూ బదిలీలు ఉంటాయని ఆ తర్వాత తెలిసింది.

నేను పుట్టింది శ్రీకాకుళం జిల్లాలో, మా తాతయ్య గారి ఊళ్ళో. ఎల్‌కేజీ జమ్మూలో, మూడో తరగతి సిల్చర్‌లో, ఆరో తరగతి నాగపూర్‌లో. తొమ్మిది, పది తరగతులు ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మాలో. మా నాన్న కేంద్ర బలగాల్లో మోటారు మెకానిక్. ఆయన క్యాంపు సుక్మాలో కాదు, దోర్నపాల్‌లో. ఇన్ని ఊళ్ళలో ఏది చెప్పాలి? చివరికి "దోర్నపాల్" అన్నాను. ఎందుకలా అన్నానో ఆ రోజు నాకే తెలియలేదు. ఇప్పుడు కొంచెం తెలుసు. అది చెప్పాలంటే రష్యా ట్యాంకుల దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

దోర్నపాల్ ఎక్కడుందో మీలో చాలామందికి తెలియకపోవచ్చు. భద్రాచలం నుంచి జగదల్‌పూర్ వెళ్ళే బస్సు చింతూరు దాటి, కుంట దగ్గర రాష్ట్రం సరిహద్దు దాటి, 30వ నంబరు జాతీయ రహదారి మీద పైకి వెళుతుంది. సుక్మా కంటే ముందు వచ్చే ఊరే దోర్నపాల్. పక్కన శబరి నది. నది అవతల ఒడిశా. ఆ నదే కిందికి వచ్చి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అందుకేనేమో ఆ ఊరి సంతలో గోండి, దోర్లీ, హల్బీ, హిందీ, ఒడియాతో పాటు మన తెలుగు కూడా వినిపిస్తుంది. ఇప్పపువ్వు, చింతపండు, ఎండుచేపలు, ఆకులో పొట్లం కట్టిన ఎర్రచీమల పచ్చడి, అన్నీ ఒకే వరసలో అమ్ముతారు.

నాన్నకు వీలున్న ఆదివారం మాత్రమే సుక్మా వచ్చేవాడు. వస్తానని చెప్పిన రోజు బయలుదేరే ముందు ఒకసారి, చేరాక ఒకసారి ఫోన్ చేసేవాడు. ఆ రెండు ఫోన్ల మధ్య అమ్మ వంటింట్లోనే ఉండేది. పని అయిపోయినా గిన్నెలు మళ్ళీ తోమేది. ఆ రోడ్డు సంగతి మీలో కొందరికి తెలుసు. తెలియనివాళ్ళకు ఇంతకంటే చెప్పను.

తొమ్మిదో తరగతి సాంఘికశాస్త్రంలో రష్యా విప్లవం, నాజీల పాఠాలు ఉన్నాయి కదా. ఆ ఏడాది బడి ప్రదర్శనకు నేను స్టాలిన్‌గ్రాడ్ యుద్ధం తీసుకున్నాను. దానికి కారణం తాతయ్య. ఆయన దగ్గర విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాన్ ఊరికి వచ్చినప్పుడు కొన్న సోవియట్ పుస్తకాలు ఒక ట్రంకు పెట్టె నిండా ఉండేవి. మాస్కోలోనే తెలుగులో అచ్చు వేసిన పుస్తకాలు అవి. అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేను నేర్చుకున్నది వాటిలోనే.

అట్టపెట్టె కోసి ట్యాంకు చేశాను. సోడా సీసా మూతలు చక్రాలు. పాత సైకిలు ట్యూబు కోసి ప్రతి మూతకూ రబ్బరు చుట్టాను. పైన తిరిగే టరెట్‌కి బాల్ పెన్ను గొట్టాన్ని ఫిరంగిగా పెట్టాను. ఆకుపచ్చ రంగు వేసి, ఎర్ర నక్షత్రం దిద్ది, కింద "టి-34 ట్యాంకు, స్టాలిన్‌గ్రాడ్, 1942" అని హిందీలోనూ ఇంగ్లీషులోనూ రాశాను. నెట్‌లో దొరికిన బొమ్మ చూసి ఉన్నది ఉన్నట్టు చేశానని నాకు గట్టి నమ్మకం.

ప్రదర్శన చూడటానికి వచ్చినవాళ్ళలో మా క్లాస్‌మేట్ వాళ్ళ పెద్దనాన్న ఒకరు. సైన్యంలో ట్యాంకుల రెజిమెంట్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఆయన వంగి చాలాసేపు చూసి, మెల్లగా "చాలా బాగా చేశావు బేటా. కానీ ఇది 1942లో లేదు. ఇది 1944 ట్యాంకు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. "టి-34 అంటే టి-34యే కదా అంకుల్, ట్యాంకు ట్యాంకే" అన్నాను. ఆయన వాదించలేదు. "టరెట్ చూడు, చక్రాలు చూడు" అని మాత్రం చెప్పి ముందుకు వెళ్ళిపోయారు. నేను బల్ల వెనక కూర్చుని ఏడ్చాను. బహుమతి పోయినందుకు కాదు. అంతమంది ముందు తప్పు చెబుతున్నానని నాకే అనుమానం వచ్చినందుకు.

ఆ రాత్రి నాన్నకు ఫోన్‌లో అంతా చెప్పాను. నా పక్షం మాట్లాడతాడనుకున్నాను. నాన్న కాసేపు ఆగి "ట్యాంకు ట్యాంకే, బండి బండే అయితే నాకు ఉద్యోగం ఎందుకమ్మా?" అన్నాడు. "దసరా సెలవులకు ఇక్కడికి రండి. చెప్తాను."

దసరాకు వెళ్ళాం. దోర్నపాల్ బజారులో ఒక గది అద్దెకు తీసుకుని పది రోజులు ఉన్నాం. ఒక సాయంత్రం నాన్న నన్ను రోడ్డు పక్క టీ కొట్టుకు తీసుకెళ్ళాడు. అక్కడ రెండు లారీలు ఆగి ఉన్నాయి. రెండూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్, రెండింటికీ చింతపండు లోడు.

"రెండూ ఒకటేనా?" అన్నాడు నాన్న.

"ఒకటే."

"సరిగ్గా చూడు."

పావుగంట చూశాను. ఒకదాని బాడీ పలకలు అడ్డంగా ఉన్నాయి, ఇంకోదానివి నిలువుగా. ఒకదాని వెల్డింగ్ సన్నగా పూసలు గుచ్చినట్టు ఉంది, ఇంకోదానిది ముద్దలు ముద్దలుగా ఉంది. తలుపు గడియలు వేరు. నాన్న అప్పుడు చెప్పాడు. మన దేశంలో చాలా లారీలకు కంపెనీ ఇంజనూ చాసిస్సూ ఇస్తుంది, వెనక బాడీని వేరే ఊళ్ళో కట్టిస్తారు. విజయవాడ ఆటోనగర్‌లో కట్టింది ఒకలా ఉంటుంది, తమిళనాడు నామక్కల్‌లో కట్టింది ఇంకోలా, పంజాబ్‌ది మరోలా. చాసిస్ కూడా ఒకేచోట పుట్టదు. టాటా వాళ్ళకే జంషెడ్‌పూర్‌లో ఒక ఫ్యాక్టరీ, లక్నోలో ఒకటి, పుణెలో ఒకటి. చాసిస్ నంబరు చదవడం వస్తే అది ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. లారీ డ్రైవరుది ఖమ్మం. మా మాటలు విని నవ్వి "ఆటోనగర్ బాడీయే సార్, బాగా పట్టారు" అన్నాడు.

"ఇది తెలిస్తే ఏం లాభం నాన్నా?" అని అడిగాను.

నాన్న టీ గ్లాసు కింద పెట్టి ఒక సంగతి చెప్పాడు. ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు, ఈ ఊరికి కాదు వేరే చోట, ఒక బండి చెడిపోయింది. ముందు వైపు చూసి ఫలానా రకం అనుకుని విడిభాగం తెప్పించాడు. వచ్చింది బిగలేదు. బండి బయటికి అదే మోడల్, లోపల వేరే ఏడాది మార్పు చేసిన రకం. మళ్ళీ తెప్పించేసరికి పదకొండు రోజులు. "ఆ పదకొండు రోజులూ మావాళ్ళు ఆ బండి ఎక్కాల్సిన చోటుకి నడిచి వెళ్ళారమ్మా. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ పదకొండు రాత్రులు నేను నిద్రపోలేదు. అప్పటినుంచి ఒక్క గుర్తు చూసి ఏదీ నమ్మను. మూడు చూస్తాను."

నాన్న తన తప్పు నాతో చెప్పడం అదే మొదటిసారి.

సుక్మా తిరిగొచ్చాక నేను ఆ పెద్దనాన్న గారింటికి వెళ్ళి సారీ చెప్పాను. ఆయన నవ్వి, తన దగ్గరున్న పాత పుస్తకాలు, ఫొటోలు చూపించారు. ఆ తర్వాత నాలుగు నెలలు ప్రతి శనివారం అదే పని. నేర్చుకున్నది మీకూ చెబుతాను.

టి-34ను రూపొందించినవాళ్ళ నాయకుడు మిఖాయిల్ కోష్కిన్. ఊరు ఖార్కోవ్, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. 1940 మార్చిలో రెండు నమూనా ట్యాంకులను ఖార్కోవ్ నుంచి మాస్కో దాకా మంచులో నడిపించుకుని వెళ్ళారు. ఆ ప్రయాణంలో పట్టిన జలుబు న్యుమోనియాగా మారి, అదే ఏడాది సెప్టెంబరు 26న కోష్కిన్ చనిపోయాడు. ఏటవాలు కవచం, 76 మిల్లీమీటర్ల ఫిరంగి, 500 హార్స్‌పవర్ల డీజిల్ ఇంజను, ఒక్కో పక్క ఐదు పెద్ద జత చక్రాలు, లోపల నలుగురు మనుషులు. తన ట్యాంకు యుద్ధంలోకి వెళ్ళడం ఆయన చూడలేదు.

1941 జూన్ 22న హిట్లర్ సైన్యం సోవియట్ యూనియన్ మీద దాడి చేసింది. అక్టోబరు 24 నాటికి ఖార్కోవ్ వాళ్ళ చేతిలో పడింది. ఈలోపే ఫ్యాక్టరీని విప్పేశారు. యంత్రాలు, డ్రాయింగులు, సగం తయారైన ట్యాంకు భాగాలు, పనివాళ్ళు, వాళ్ళ పెళ్ళాం పిల్లలు, అందరూ రైళ్ళెక్కి దాదాపు 2,000 కిలోమీటర్ల దూరంలో యూరల్ కొండల్లో ఉన్న నీజ్నీ తగీల్ చేరారు. అక్కడ అప్పటిదాకా రైలు పెట్టెలు చేసే కార్ఖానా ఉండేది. అందులోనే కుదురుకున్నారు. ఖార్కోవ్‌లో ఫ్యాక్టరీకి 183 అని నంబరు. తగీల్‌లోనూ అదే 183. ఆ డిసెంబరులోనే అక్కడి నుంచి మొదటి ట్యాంకులు బయటికొచ్చాయి. వెంట తెచ్చుకున్న ఖార్కోవ్ భాగాలతోనే వాటిని బిగించారు.

ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి అమ్మ దగ్గరికి పరిగెత్తాను. "అమ్మా, ఫ్యాక్టరీకి కూడా ట్రాన్స్‌ఫర్ అయింది!" అన్నాను. అమ్మ "సామాన్లు పగలకుండా చేరాయా?" అని అడిగింది. బదిలీ అంటే అమ్మకు ముందు గుర్తొచ్చేది అదే.

ఒక్క ఖార్కోవే కాదు. స్టాలిన్‌గ్రాడ్‌లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీ, గోర్కీలో ఓడలు కట్టే సోర్మోవో కార్ఖానా, స్వెర్‌ద్లోవ్‌స్క్‌లో పెద్ద యంత్రాలు చేసే ఉరల్‌మాష్, చెల్యాబిన్‌స్క్‌లో ఇంకో ట్రాక్టర్ల ఫ్యాక్టరీ, ఓమ్‌స్క్‌లో లెనిన్‌గ్రాడ్ నుంచి తరలి వచ్చిన 174వ ఫ్యాక్టరీ కూడా టి-34లు చేశాయి. ఖార్కోవ్, తగీల్ కలిపి లెక్కపెడితే ఏడు ఊళ్ళు. డ్రాయింగు ఒక్కటే. కానీ ఒకచోట రబ్బరు లేదు, ఒకచోట ఇంజను లేదు, ఒకచోట పెద్ద ప్రెస్ ఉంది, ఇంకోచోట లేదు. ఉన్నదానితో సర్దుకున్నారు. ఆ సర్దుబాట్లే ఇప్పుడు గుర్తులు. చూడటానికి నాలుగు చోట్లు చెబుతాను.

మొదటిది చక్రాలు. మొదట్లో చక్రాలకు రబ్బరు ఉండేది. యుద్ధంతో రబ్బరుకు కరువొచ్చింది. స్టాలిన్‌గ్రాడ్ వాళ్ళు రబ్బరును బయటి అంచుకు కాకుండా లోపల ఇరుసు దగ్గర కొద్దిగా పెట్టి, బయట ఒట్టి ఉక్కు అంచుతో చక్రం చేశారు. రబ్బరు ఆదా అయింది కానీ వేగంగా వెళితే గోల, అదురు. అందుకని కొన్ని ఫ్యాక్టరీలు మొదటి, చివరి చక్రాలకు రబ్బరు ఉంచి, మధ్య మూడింటిని ఉక్కువి పెట్టాయి. రబ్బరు మళ్ళీ దొరికాక అన్నీ రబ్బరువే వచ్చాయి.

రెండోది కవచం పలకలు కలిసే చోటు. స్టాలిన్‌గ్రాడ్‌లో 1942లో చేసిన ట్యాంకుల్లో పలకల అంచులు రెండు చేతుల వేళ్ళు ఒకదానిలో ఒకటి దూర్చినట్టు పళ్ళు పళ్ళుగా కలుస్తాయి. వడ్రంగి తలుపు చట్రం బిగించినట్టే. ఫిరంగి మొదట్లో ఉండే కవచపు తొడుగు కూడా మిగతావాటిలో గుండ్రంగా వంచి ఉంటే, వీళ్ళది ఉలి మొనలా కోసుగా ఉంటుంది.

మూడోది టరెట్. స్టాలిన్‌గ్రాడ్ ట్యాంకు టరెట్ చిన్నది, పైన ఒకటే పెద్ద మూత. 1942లో తగీల్ లాంటి చోట్ల ఆరు పలకల టరెట్ వచ్చింది, దాని మీద రెండు గుండ్రటి మూతలు. రెండూ తెరిచి ఉంటే ఎలుక చెవుల్లా కనిపిస్తాయని జర్మన్లు మిక్కీ మౌస్ అని పేరు పెట్టారు. సోర్మోవో వాళ్ళు మాత్రం కొంతకాలం పాత చిన్న టరెట్‌నే పోతపోశారు. ఉరల్‌మాష్ దగ్గర భారీ ప్రెస్ ఉండేది. మనం ఇంట్లో అప్పడం అచ్చు నొక్కినట్టు వాళ్ళు ఉక్కు పలకను అచ్చులో నొక్కి టరెట్ చేశారు. దాని అంచులు నున్నగా వంపు తిరిగి ఉంటాయి.

నాలుగోది ఫిరంగి. 1944 మొదట్లో 85 మిల్లీమీటర్ల పొడవైన ఫిరంగి, పెద్ద టరెట్ వచ్చాయి. టరెట్‌లో ఇద్దరికి బదులు ముగ్గురు కూర్చున్నారు. కమాండరుకు చుట్టూ చూసేందుకు పైన చిన్న గోపురం లాంటిది పెట్టారు. నేను బాల్ పెన్నుతో, చిన్న గోపురంతో చేసి "1942" అని రాసింది ఇదే. రెండేళ్ళ తర్వాత పుట్టిన ట్యాంకును స్టాలిన్‌గ్రాడ్ పంపేశాను!

బయటికి కనిపించని తేడాలూ ఉన్నాయి. ఖార్కోవ్‌లో డీజిల్ ఇంజన్ల ఫ్యాక్టరీ కూడా చెల్యాబిన్‌స్క్‌కి తరలడంతో, 1941లో సోర్మోవో వాళ్ళకు ఇంజన్లు అందలేదు. పాత విమానాల పెట్రోలు ఇంజను బిగించి ట్యాంకులు పంపించారు.

ఇక్కడే నాన్న చెప్పిన మూడు గుర్తుల మాట పనికొచ్చింది. ఉరల్‌మాష్ అచ్చు టరెట్‌ను చెల్యాబిన్‌స్క్ ట్యాంకులకూ పెట్టారు. కాబట్టి టరెట్ ఒక్కటే చూసి ఫ్యాక్టరీ పేరు చెబితే తప్పు. యుద్ధంలో దెబ్బతిన్న రెండు ట్యాంకుల నుంచి ఒకటి తయారు చేసేవారు. దీని చక్రాలు దానికి, దాని టరెట్ దీనికి. యుద్ధం తర్వాత పోలండ్, చెకోస్లొవేకియాల్లోనూ టి-34-85లు చేశారు. పాతవాటికి మరమ్మతులప్పుడు కొత్త రకం చక్రాలు వేశారు. ఈరోజు ఏదో ఊరి కూడలిలో దిమ్మె మీద నిలబెట్టిన ట్యాంకు, కింద రాసిన యుద్ధంలో పాల్గొన్నదే అయి ఉండాలని లేదు. పలక మీద రాత కంటే పలకే ఎక్కువ చెబుతుంది.

స్టాలిన్‌గ్రాడ్ గుర్తులు మాత్రం ఇంకో సంగతి చెబుతాయి. 1942 ఆగస్టు 23న జర్మన్లు ఆ ఊరి ఉత్తరాన ట్రాక్టర్ ఫ్యాక్టరీ దగ్గరికే వచ్చేశారు. చుట్టూ యుద్ధం జరుగుతుంటే లోపల ట్యాంకులు తయారయ్యాయి. తర్వాత కొద్ది వారాలకే పని ఆగిపోయింది. ఆ ఫ్యాక్టరీ మళ్ళీ టి-34ల తయారీ మొదలుపెట్టలేదు. అందుకే ఒక ఫొటోలో పళ్ళు పళ్ళుగా కలిసిన పలకలు, ఉలి మొన తొడుగు, ఒకే పెద్ద మూత, ఉక్కు చక్రాలు కలిసి కనిపిస్తే, అది ఆ శరత్కాలం కంటే ముందు పుట్టిన ట్యాంకు అని చెప్పవచ్చు. దాన్ని బిగించినవాళ్ళలో ఎంతమంది బతికారో అనిపిస్తుంది. ఆ ఫ్యాక్టరీలన్నిటిలోనూ ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, మన వయసు పిల్లలు కూడా పనిచేశారు. వంకరగా ఉన్న ఒక వెల్డింగ్ చూస్తే ఇప్పుడు నాకు నవ్వు రాదు.

రెండోసారి దోర్నపాల్ వెళ్ళింది పదో తరగతిలో. అప్పటికి కొత్త ట్యాంకు మొదలుపెట్టాను. ఈసారి నిజంగా స్టాలిన్‌గ్రాడ్‌ది. సీసా మూతలకు చుట్టిన రబ్బరు నేనే ఊడదీశాను. అట్ట అంచులు బ్లేడుతో పళ్ళు పళ్ళుగా కోసి కలిపాను. సంతలో మా గది ముందు కూర్చుని ఆ పని చేస్తుంటే ఇప్పపువ్వు అమ్మే ఒక అవ్వ వచ్చి పక్కన కూర్చుంది. ఆమె మాటలో సగం నాకు తెలుగులాగే వినిపించింది. నన్ను "ఏ ఊరు?" అని అడిగింది. నేను ఎప్పటిలాగే తడబడి, తిరిగి ఆమెనే అడిగాను. ఆమె ముందు ఒక ఊరి పేరు చెప్పింది. తర్వాత చేయి చూపించి "ఇప్పుడు ఇక్కడ" అంది. 2005 తర్వాత గొడవల్లో చుట్టుపక్కల పల్లెలు వదిలి వచ్చినవాళ్ళ శిబిరం దోర్నపాల్‌లో ఉంది. ఆమె అక్కడ ఉంటుంది. మాకైతే బదిలీ కాగితం వస్తుంది, బండి వస్తుంది, కొత్త ఊళ్ళో క్వార్టర్ ఉంటుంది, బడిలో సీటు ఉంటుంది. ఆమెకు ఏ కాగితమూ రాలేదు. అయినా ఊరి పేరు అడిగితే తడబడలేదు. రెండు పేర్లూ చెప్పింది. మొదటిది ముందు, రెండోది తర్వాత. అలా చెప్పవచ్చని నాకు అంతవరకూ తోచలేదు.

పదో తరగతి అయ్యాక చదువు కోసం అమ్మ, నేను, తమ్ముడు విశాఖ వచ్చేశాం. నాన్న ఇంకా దోర్నపాల్‌లోనే ఉన్నాడు. సామాన్ల లారీలో నా ట్యాంకు ఉన్న పెట్టె మీద ఏదో బరువు పడింది. అమ్మ ఎప్పుడూ భయపడేదే జరిగింది. టరెట్ నలిగి ముద్దయింది. అడుగు భాగం బాగానే ఉంది. రెండు చక్రాలు ఎక్కడో పడిపోయాయి.

వేసవిలో ఊరు వెళ్ళినప్పుడు ఇంకో సంగతి జరిగింది. మా నాయనమ్మ "ఏటే గుంటా, నీ మాటేటి అలా ఉంది?" అని నవ్వింది. మా బావ నా తెలుగును హిందీ యాసలో వెక్కిరించాడు. నిజమే. నా తెలుగులో అమ్మ నేర్పిన శ్రీకాకుళం మాటలు ఉన్నాయి, తాతయ్య పెట్టెలోని మాస్కో పుస్తకాల మాటలు ఉన్నాయి, మధ్యలో హిందీ ఉంది, దోర్నపాల్ సంతలో విన్న పలుకు ఉంది. ఇంతకు ముందైతే ఏడ్చి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. ఈసారి బావతో "ఇది అయిదు ఊళ్ళలో బిగించిన తెలుగు. ఏ మాట ఏ ఊరిదో చెప్పు చూద్దాం" అన్నాను. కాసేపటికి ఇంట్లో అందరికీ అదే ఆట అయింది. నాయనమ్మే ఎక్కువ పట్టింది.

విశాఖలో నేను ట్యాంకుకు కొత్త టరెట్ చేశాను. ఈసారి అట్ట దొరకలేదు, కొబ్బరి చిప్ప దొరికింది. నున్నగా అరగదీస్తే ఉరల్‌మాష్ అచ్చు టరెట్‌లా వంపులు తిరిగి వచ్చింది. పోయిన రెండు చక్రాల చోట ఇక్కడి సోడా మూతలకు రబ్బరు చుట్టి పెట్టాను. పెద్దనాన్న గారికి ఫొటో పంపితే ఆయన "ఇలాంటి ట్యాంకు ఏ ఫ్యాక్టరీలోనూ తయారు కాలేదు బేటా. కానీ ఇలాంటిది యుద్ధంలో ఎక్కడో ఒక చోట తప్పకుండా నడిచి ఉంటుంది" అని రాశారు.

నాన్నకు ఫోన్‌లో చూపించాను. ఆయన కెమెరా దగ్గరికి తెమ్మని అడుగు భాగం చూశాడు, అంచులు చూశాడు, చక్రాలు లెక్కపెట్టాడు. "చాసిస్ దోర్నపాల్, బాడీ విశాఖ. నంబరు ఎక్కడ వేశావు?" అన్నాడు. వేయలేదు. ఆ రాత్రే సన్నటి పెన్నుతో అడుగున రాశాను. ముందు దోర్నపాల్, తర్వాత విశాఖ. పక్కన కొంచెం ఖాళీ వదిలాను.

మిత్రులారా, మీ ఊరేదని ఎవరైనా అడిగితే నాలాగా తడబడకండి. ఉన్న పేర్లన్నీ వరసగా చెప్పండి. వినే ఓపిక ఉన్నవాళ్ళు వింటారు. మీ ఇంట్లో అన్ని బదిలీలూ తట్టుకుని మిగిలిన పాత వస్తువు ఒకటి ఉంటే, అది గ్రైండరైనా, మంచమైనా, దాని మీద ఏ ఊరి మరమ్మతు ఎక్కడుందో అమ్మానాన్నలను అడగండి. మా ఇంట్లో మిక్సీ మూత సిల్చర్‌ది, జార్ నాగపూర్‌ది. అది ఇప్పటికీ బాగా తిరుగుతోంది.

నాన్న వచ్చే మార్చికి వస్తానన్నాడు. బయలుదేరే ముందు ఒకసారి, చేరాక ఒకసారి ఫోన్ చేస్తాడు.